లీజియన్ స్కాట్లాండ్, ఎర్ర పాపీ, నవంబర్ పరేడ్: ఇక్కడి తెలుగువాళ్ళు పదే పదే అడిగే ప్రశ్నలు

అక్టోబర్ ఆఖరి వారం వచ్చిందంటే చాలు, మా వాట్సాప్ గ్రూపులో అవే ప్రశ్నలు మొదలవుతాయి. సెప్టెంబర్‌లో దిగిన స్టూడెంట్స్ కొందరు, పిల్లల దగ్గరికి వచ్చిన అమ్మానాన్నలు కొందరు, పదేళ్ళుగా ఇక్కడే ఉండి ఎవర్నీ అడగడానికి మొహమాటపడ్డవాళ్ళు కొందరు. ఒక్కొక్కరికీ విడివిడిగా వాయిస్ మెసేజ్ పెట్టే ఓపిక నాకిక లేదు కాబట్టి అన్నీ ఒకచోట రాసేశాను. నేను ఎడిన్‌బరోలో ఉంటాను. పక్కింటి పెద్దావిడ తోడు తీసుకెళ్ళడంతో ఇక్కడి లీజియన్ (మాజీ సైనికుల సంఘం) బ్రాంచితో పరిచయమైంది, మిలిటరీతో నాకు వేరే సంబంధమేమీ లేదు. మీకు కావాల్సిన ప్రశ్న చూసుకుని అక్కడే చదువుకోండి.

## అక్టోబర్ చివర, ఎర్ర పువ్వులు కనబడగానే

అక్కా, అందరి కోట్లకీ ఆ ఎర్ర కాగితం పువ్వేంటి? నేనూ పెట్టుకోవాలా?

దాన్ని పాపీ అంటారు, అంటే గసగసాల జాతి పువ్వు. మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియం, ఫ్రాన్స్ పొలాలు ఫిరంగి దెబ్బలకి తలకిందులయ్యాక, ఆ తిరగబడ్డ మట్టిలో మొదట మొలిచినవి ఈ అడవి పాపీలేనట. కెనడా సైన్యంలో డాక్టరుగా ఉన్న జాన్ మెక్రే 1915లో వాటి మీద ఒక కవిత రాశాడు, అది జనంలోకి వెళ్ళింది. 1921 నుంచి బ్రిటన్‌లో మాజీ సైనికుల కోసం చందాలు పోగుచేయడానికి ఈ పువ్వు వాడుతున్నారు. పెట్టుకోవాలని రూలేం లేదు. ఆఫీసులో పెట్టుకోకపోతే ఎవరూ అడగరు, పెట్టుకుంటే ఎవరూ చప్పట్లు కొట్టరు. ఎడమ వైపు పెట్టుకోవడం అలవాటు. గుండుసూదితో జాగ్రత్త, ప్రతి ఏడూ నేను వేలికి గుచ్చుకుంటాను.

లీజియన్ స్కాట్లాండ్ అంటే లండన్ వాళ్ళ బ్రిటిష్ లీజియన్‌కి బ్రాంచేనా?

కాదు, ఈ మాట బ్రాంచిలో అనకండి, ముసలాయన ఎవరైనా కూర్చోబెట్టి అరగంట క్లాసు పీకుతారు. పూర్తి పేరు రాయల్ బ్రిటిష్ లీజియన్ స్కాట్లాండ్, 1921లో మొదలైంది. ఇంగ్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్‌లకి రాయల్ బ్రిటిష్ లీజియన్ వేరు, ఇది వేరు. ఊరూరా బ్రాంచిలుంటాయి, కొన్నిచోట్ల సొంత క్లబ్బు కూడా ఉంటుంది. పాపీలు అమ్మి చందా పోగుచేసేది పాపీస్కాట్లాండ్ అని ఇంకో సంస్థ. రెండూ ఒకటే అనుకుని చాలామంది ఒకరి ఫిర్యాదు ఇంకొకరికి రాస్తుంటారు. ఇవి కాక ఒక్కో పాత రెజిమెంట్‌కీ సొంత సంఘం ఉంటుంది, బ్లాక్ వాచ్ వాళ్ళది పెర్త్‌లోని బాల్‌హౌసీ కోటలో. ఒకే మనిషి రెండు మూడింట్లో సభ్యుడిగా ఉండటం మామూలే.

లండన్‌లో ఫ్రెండ్ పెట్టుకున్న పాపీకి ఆకుంది, నాదానికి లేదు. నాది డూప్లికేటా?

ప్రతి ఏడూ వచ్చే ప్రశ్న ఇదే. మీది అసలైన స్కాట్లాండ్ పాపీ. ఇక్కడి దానికి నాలుగు రేకులుంటాయి, ఆకుండదు. అడవి పాపీకి కూడా నాలుగు రేకులే కాబట్టి మాదే కరెక్టని ఇక్కడివాళ్ళ పట్టుదల, ఆకు తీసేస్తే ఖర్చు కూడా మిగులుతుందని ఇంకో మాట. రెండో కారణం చెప్పేటప్పుడు వాళ్ళ మొహంలో ఎక్కువ గర్వం కనబడుతుంది.

దీని వెనక కథ బాగుంటుంది. మొదట్లో లండన్‌లో తయారైన పాపీలు అక్కడే అయిపోయేవి, స్కాట్లాండ్‌దాకా చాలినన్ని వచ్చేవి కావు. దాంతో 1926లో ఫీల్డ్ మార్షల్ హేగ్ భార్య ఎడిన్‌బరోలోనే ఒక ఫ్యాక్టరీ పెట్టించారు, లేడీ హేగ్స్ పాపీ ఫ్యాక్టరీ. మొదటి రోజు ఇద్దరు పనివాళ్ళు, ఒక కత్తెర, కాస్త కాగితం, అంతేనని చెప్తారు. పనిచేసేది యుద్ధంలో కాలో చెయ్యో పోగొట్టుకున్న మాజీ సైనికులు. తర్వాత దశాబ్దాల పాటు ఏటా లక్షల పాపీలు అక్కడ చేత్తోనే చేశారు. దండలు కూడా, ఒక్కొక్క రేకు గుచ్చి.

రేటెంత?

రేటు లేదు, ఎంత వేస్తే అంత. చిల్లర లేకపోతే ఇప్పుడు చాలా డబ్బాలకి కార్డు టచ్ చేయొచ్చు. పోగొట్టుకుంటే మళ్ళీ తీసుకోండి, అందరూ రెండు మూడు పోగొట్టుకుంటారు.

తెల్ల పాపీ పెట్టుకుంటే గొడవ పడతారా?

తెల్లది శాంతి కోరేవాళ్ళది, 1933లో కోఆపరేటివ్ విమెన్స్ గిల్డ్ ఆడవాళ్ళు మొదలుపెట్టారు. ఆ ఆడవాళ్ళలో చాలామంది మొదటి యుద్ధంలో భర్తో కొడుకో పోయినవాళ్ళే. దాన్ని చూసి కొందరు మూతి ముడుచుకుంటారు, నా ఎదురుగా మాత్రం ఎవరూ గొడవ పడలేదు. రెండూ కలిపి పెట్టుకునేవాళ్ళు కూడా ఉన్నారు.

ఇదంతా యుద్ధాన్ని పొగడటమే కదా? పైగా మనల్ని ఏలిన సైన్యం. నవంబర్ పరేడ్‌లో నేనెందుకు నిలబడాలి?

న్యాయమైన ప్రశ్న, నాకూ మొదటి రెండేళ్ళు ఇదే సందేహం. స్కాట్లాండ్ పటాలాలు ఇండియాలో ఏం చేశాయో వాళ్ళ జెండాల మీదే రాసి ఉంటుంది, శ్రీరంగపట్నం, లక్నో అంటూ. దాన్ని ఎవరూ దాచరు, అలాగని పరేడ్ రోజు దాని గురించి మాట్లాడరు కూడా. హేగ్ సంగతే తీసుకోండి. ఎడిన్‌బరోలో పుట్టినవాడు, లీజియన్ నిలబడటానికి పెద్ద దిక్కు, పాపీ చందా నిధికి చాలాకాలం ఆయన పేరే. కానీ 1916 జులై 1న, సొమ్ యుద్ధం మొదటి రోజు, ఆయన కింద 19,240 మంది బ్రిటిష్ సైన్యం వాళ్ళు చనిపోయారు. ఆయన్ని కసాయి అనేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు, మా బ్రాంచిలోనే ఉన్నారు, ఆయన ఫోటో కిందే కూర్చుని అంటారు.

నేను చూసినంతలో ఆ పరేడ్ ఆదివారం గెలుపుల గురించి ఒక్క ముక్క ఉండదు. పేర్లు చదువుతారు, మౌనంగా నిలబడతారు, ఇంటికెళ్తారు. మీకు నచ్చకపోతే మానేయండి. నేను మాత్రం మా పక్కింటావిడ అన్న కోసం నిలబడతాను, పోయేనాటికి అతనికి 19 ఏళ్ళు.

## నవంబర్ రెండో ఆదివారం

ఎక్కడికెళ్ళాలి, ఎన్నింటికి?

రిమెంబరెన్స్ సండే అంటే నవంబర్ రెండో ఆదివారం. మొదటి యుద్ధం ఆగింది 1918 నవంబర్ 11 ఉదయం 11 గంటలకి కాబట్టి మౌనం 11కే. ఎడిన్‌బరోలో రాయల్ మైల్ మీద సిటీ ఛాంబర్స్ ముందు, గ్లాస్గోలో జార్జ్ స్క్వేర్ సెనొటాఫ్ (యుద్ధ స్మారకం) దగ్గర. పదిన్నరకల్లా ఉండండి, పది నిమిషాల ముందొస్తే ఎదుటివాళ్ళ గొడుగులు తప్ప ఏమీ కనబడవు. నన్నడిగితే పెద్ద ఊళ్ళ కన్నా చిన్న ఊళ్ళలో చూడాలి. ప్రతి పల్లెలో ఒక రాతి స్తంభం ఉంటుంది, దాని మీద పేర్లుంటాయి, ఒకే ఇంటిపేరు మూడుసార్లో నాలుగుసార్లో వరసగా కనబడుతుంది. 1911లో స్కాట్లాండ్ జనాభా సుమారు 48 లక్షలు, అంటే మన పాత ఉమ్మడి జిల్లాల్లో పెద్దది ఒకటి అంత. ఎడిన్‌బరో కోటలోని స్మారకంలో మొదటి యుద్ధానికి రాసిన పేర్లు 1,47,000కు పైగా. ఇక ఆ రాళ్ళ మీద ఇంటిపేర్లు మళ్ళీ మళ్ళీ రాక ఏం చేస్తాయి.

మౌనం పాటించేటప్పుడు ఏం చేయాలి? పిల్లాడు ఏడిస్తే?

రెండు నిమిషాలు కదలకుండా నిలబడటమే. ముందు బ్యూగిల్ మీద లాస్ట్ పోస్ట్ వాయిస్తారు, లీజియన్ జెండాలు మోసేవాళ్ళు వాటిని మెల్లగా కిందికి దించుతారు, మౌనం అయ్యాక ఇంకో బ్యూగిల్ పాటకి మళ్ళీ ఎత్తుతారు. ఎడిన్‌బరోలో కోట మీంచి ఫిరంగి పేలుతుంది, మొదటిసారి వెళ్ళినవాళ్ళు ఉలిక్కిపడటం ఖాయం. జెండా మోసేవాళ్ళని గమనించండి. ఆ బరువైన కర్రని గాలిలో వంచి రెండు నిమిషాలు అలాగే పట్టుకోవాలి, మా బ్రాంచి ఆయనకి డెబ్బై దాటాయి, తెల్ల గ్లవ్స్ లోపల వేళ్ళు వణకడం కనబడుతుంది, జెండా మాత్రం కదలదు. వేరేవాళ్ళకి ఇచ్చేయండని అంటే ఆయనతో మాటలు పోతాయి.

పిల్లాడు ఏడిస్తే ఏడవనివ్వండి. ఎవరూ వెనక్కి తిరిగి చూడరు. ఫోన్ మాత్రం సైలెంట్‌లో పెట్టండి, ఒకసారి మనవాళ్ళ ఫోన్‌లో మాంచి మాస్ పాట మోగింది, ఆ సిగ్గు నాకింకా పోలేదు.

బ్యాగ్‌పైప్ మీద ఏడుపులాంటి పాట వాయించారు, అదేంటి?

ఫ్లవర్స్ ఆఫ్ ది ఫారెస్ట్. 1513లో ఫ్లాడెన్ దగ్గర ఇంగ్లిష్ సైన్యంతో జరిగిన యుద్ధంలో స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్, ఆయనతో పాటు వేలమంది చనిపోయారు. వాళ్ళ కోసం పుట్టిన శోకగీతం అది. చాలామంది పైపర్లు దీన్ని అంత్యక్రియల్లో, ఇలాంటి స్మరణ సభల్లో తప్ప బయట వాయించరు, ఇంట్లో సాధన మాత్రం చేస్తారు. కాబట్టి పెళ్ళికి పిలిచిన పైపర్‌ని అది వాయించమని అడక్కండి. మన దగ్గర సన్నాయి మేళాన్ని పెళ్ళిలో చావు పాట వాయించమన్నట్టు ఉంటుంది.

మా నాన్న రిటైర్డ్ సుబేదార్, ఇప్పుడు ఇక్కడే ఉన్నారు. మెడల్స్ పెట్టుకుని రావచ్చా?

నిక్షేపంగా. సొంత మెడల్స్ ఎడమ వైపు. తాతగారివో ముత్తాతగారివో అయితే కుడి వైపు. ఇక్కడ ఇది అందరికీ తెలిసిన లెక్క, కుడి వైపు మెడల్స్ చూడగానే "ఎవరివి?" అని అడుగుతారు, కథ చెప్పడానికి సిద్ధంగా ఉండండి. ఆయన్ని తీసుకెళ్ళే ముందు బ్రాంచి సెక్రటరీకి ఒక మాట చెప్తే మాజీ సైనికుల వరసలో నిలబెడతారు. పోయినేడు మా గ్రూపులో ఒకరి నాన్నగారు వచ్చారు, ఇంగ్లిష్ పెద్దగా రాదు, పరేడ్ అయ్యాక ఒక స్కాటిష్ సార్జెంట్‌తో ఇరవై నిమిషాలు మాట్లాడారు, ఎలా మాట్లాడారో కొడుక్కి ఇప్పటికీ అర్థం కాలేదు. ఇద్దరూ మోకాళ్ళు చూపించుకోవడం మాత్రం చూశాం.

చీర కట్టుకుని రావచ్చా?

రావచ్చు, లోపల థర్మల్స్ వేసుకుని, పైన మంచి కోటు వేసుకుని. నల్లబట్టలే కట్టుకోవాలని లేదు, మరీ మెరిసేవి వద్దు. పువ్వు కోటుకి పెట్టుకోండి, పట్టు మీద సూది గుచ్చకండి.

## కిల్టు, టార్టన్, రెజిమెంట్

మిలిటరీవాళ్ళకి ఆ గళ్ళ లంగా ఏంటి, నవ్వొస్తోంది?

నవ్వండి, కానీ లంగా అని పైకి అనకండి. అది కిల్టు. 1746లో కల్లోడెన్ దగ్గర హైలాండ్ (స్కాట్లాండ్ ఉత్తరాన కొండ ప్రాంతం) తిరుగుబాటుదారులు ఓడిపోయాక లండన్ ప్రభుత్వం ఒక చట్టం చేసింది, స్కాట్లాండ్‌లో మగవాళ్ళు టార్టన్ (ఆ గళ్ళ బట్ట), కిల్టు వేస్తే జైలు. ఆ చట్టం 1782దాకా ఉంది. మినహాయింపు ఒక్కటే, రాజుగారి సైన్యంలో చేరినవాళ్ళకి. అంటే 36 ఏళ్ళ పాటు తాత కట్టిన బట్ట చట్టబద్ధంగా కట్టుకోవాలంటే ఒక హైలాండ్ కుర్రాడికి ఉన్న దారి పటాలంలో చేరడమే. ఇక్కడ కిల్టుకీ తుపాకీకీ ముడి అలా పడింది, ఆ ముడి ఇవాళ్టికీ విడలేదు, మాజీ సైనికుల సభ అంటే ఇన్ని టార్టన్లు కనబడటం అందుకే.

దగ్గర్నుంచి చూస్తే అదొక కళ. మన చీర ఆరు గజాలైతే మంచి కిల్టుకి ఎనిమిది గజాల ఉన్ని బట్ట పడుతుంది, అంతా వెనక కుచ్చిళ్ళలోకి పోతుంది. మామూలు కిల్టులో కుచ్చిళ్ళు పెట్టినా గళ్ళ డిజైను చెడకుండా కుడతారు. మిలిటరీ కిల్టులో అయితే ప్రతి కుచ్చిలి మధ్యలోకీ ఒకే చార వచ్చేట్టు పెడతారు, మనిషి నడుస్తుంటే కుచ్చిలి విచ్చుకుని లోపలి రంగు తళుక్కుమంటుంది. పరేడ్‌లో వంద మంది ఒక్క అడుగు వేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

నేను కిల్టు వేసుకుంటే వాళ్ళు ఫీలవుతారా?

సంతోషిస్తారు. కాన్వొకేషన్‌కి అద్దెకి తీసుకుని వేసుకునే మనవాళ్ళు బోలెడు. ముదురు ఆకుపచ్చ, నీలం కలిసిన బ్లాక్ వాచ్ టార్టన్ ఎవరైనా వేసుకోవచ్చు. ఫలానా వంశం టార్టన్ వేసుకోకూడదని చట్టమేం లేదు, పట్టింపున్నవాళ్ళు కొందరుంటారు. చేయకూడనిది ఒకటుంది, మీది కాని రెజిమెంట్ బ్యాడ్జి, టోపీ మీద ఎర్ర ఈకల కుచ్చు పెట్టుకోకండి. ఆ కుచ్చు బ్లాక్ వాచ్ వాళ్ళది, దాని జోలికెళ్తే మాత్రం నిజంగానే ఫీలవుతారు.

మేజోడులో కత్తి పెట్టుకుంటారు, పోలీసులు పట్టుకోరా?

స్కియన్ డూ అంటారు. జాతీయ దుస్తుల్లో భాగం కాబట్టి చట్టంలో మినహాయింపు ఉంది. ఎయిర్‌పోర్ట్‌లో మాత్రం లేదు, చెక్-ఇన్ లగేజీలో వేయండి.

బ్లాక్ వాచ్, గోర్డన్స్, ఆర్గైల్స్, ఇన్ని పేర్లేంటి? ఇవన్నీ ఇంకా ఉన్నాయా?

పాత రెజిమెంట్లలో చాలావరకు ఇప్పుడు ఒకదాంట్లో కలిసిపోయాయి. 2006 మార్చి 28న వాటిని కలిపి రాయల్ రెజిమెంట్ ఆఫ్ స్కాట్లాండ్ చేశారు, పాత పేర్లు కొన్ని బెటాలియన్ల పేర్లుగా మిగిలాయి. 1633లో పుట్టిన రాయల్ స్కాట్స్ అన్నిటికన్నా పాతది, ఎంత పాతదంటే యేసుని శిలువ వేయించిన పిలాతుకి బాడీగార్డులు వీళ్ళే అని జోకు. బ్లాక్ వాచ్ మొదట 1725లో హైలాండ్స్ మీద కాపలాకి పెట్టిన చిన్న దళాలు, అందుకే ఆ పేరు. ఈ కలపడం మీద కోపం పాతవాళ్ళలో ఇంకా చల్లారలేదు. మన మండలాన్ని పక్క జిల్లాలో కలిపితే ఊళ్ళో ఎలా ఉంటుందో అలా.

కేలీ డాన్సుకి పిలిచారు, యాభై ఒకటో డివిజన్ రీల్ అన్నారు. డాన్సుకి డివిజన్ ఏంటి?

1940 జూన్ 12న ఫ్రాన్స్ తీరంలో సాన్ వాలరీ దగ్గర 51వ హైలాండ్ డివిజన్ జర్మన్లకి చిక్కింది, సుమారు 10,000 మంది బందీలయ్యారు. వాళ్ళలో ఆర్గైల్స్ లెఫ్టినెంట్ జిమ్మీ ఆట్కిన్సన్ ఒకడు. బవేరియాలో లౌఫెన్ అనే ఊళ్ళో ఖైదీల శిబిరంలో కూర్చుని ఈ డాన్సు కట్టాడు. మధ్యలో నలుగురు వికర్ణంగా చేతులు పట్టుకుని నిలబడితే స్కాట్లాండ్ జెండా మీది సెయింట్ ఆండ్రూ శిలువ ఆకారం వస్తుంది, డివిజన్ గుర్తుగా. శిబిరంలో ఆడవాళ్ళు లేరు కాబట్టి మొదట ఆడిందంతా మగవాళ్ళే. అడుగుల వివరాలు ఇంటికి ఉత్తరంలో రాస్తే జర్మన్ సెన్సార్ వాళ్ళు అదేదో రహస్య సంకేతమనుకుని బుర్ర బద్దలుకొట్టుకున్నారని కథ చెప్తారు, నిజమో కాదో గానీ ఆ అడుగులు నేర్చుకునేటప్పుడు నాకూ అలాగే అనిపించింది.

స్టెప్పులు రాకపోయినా వెళ్ళండి, చేయి పట్టుకుని లాగేస్తారు. చదునైన బూట్లు వేసుకోండి.

## బ్రాంచికి వెళ్ళాలనుకుంటే

మిలిటరీలో చేయకపోయినా సభ్యులుగా చేరొచ్చా?

చేరొచ్చు, సైన్యంలో చేయనివాళ్ళని అసోసియేట్‌గా తీసుకుంటారు, నేనలాగే చేరాను. ఫారం నింపి ఏడాది చందా కట్టడమే. ఇండియన్ ఆర్మీలో చేసినవాళ్ళయితే సర్వీసు కాగితాలు తీసుకెళ్ళి సెక్రటరీతో మాట్లాడండి.

స్టూడెంట్ వీసా మీద ఉన్నాను, పాపీ డబ్బా పట్టుకుని నిలబడొచ్చా?

యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసుకి ఒక ఈమెయిల్ పెట్టి అడిగి చేయండి. స్టూడెంట్ వీసా నిబంధనల్లో సరదాగా చేసే వాలంటీరింగ్ వేరు, ఒప్పందం మీద చేసే జీతం లేని పని వేరు, రెండోది మీ వారం గంటల్లో లెక్కకొస్తుంది. రెండు మూడు గంటలు డబ్బాతో నిలబడటం మామూలుగా మొదటి రకమే, అయినా రాతపూర్వకంగా ఉంటే టెన్షన్ ఉండదు.

ఇక నిలబడటం సంగతి. సూపర్‌మార్కెట్ గుమ్మం దగ్గర గాలి రెండు వైపుల నుంచీ కొడుతుంది. డబ్బా ఊపొద్దు, ఎవర్నీ ఆపొద్దు అని మాకు ముందే చెప్పారు, ఊరికే నవ్వుతూ నిలబడాలి. మనలాంటి మొహం డబ్బా పట్టుకుని కనబడితే కొందరు ముసలివాళ్ళు ప్రత్యేకంగా ఆగి మాట్లాడతారు. ఒకాయన నా దగ్గర ఆగి, తన తండ్రి కోహిమాలో కామెరన్ హైలాండర్స్‌తో పోరాడాడని, ఇండియన్ల పక్కనే ఉన్నాడని చెప్పి, డబ్బాలో నోటు వేసి, పువ్వు తీసుకోకుండానే వెళ్ళిపోయాడు. పిలిచి ఇచ్చేలోపే ట్రాలీల మధ్య కనబడకుండా పోయాడు.

లీజియన్ క్లబ్బంటే బారే కదా? మందు తాగకపోతే ఇబ్బందా?

బారుంటుంది, బింగో ఉంటుంది, డార్ట్స్ ఉంటాయి, శనివారం రాత్రి పాటలుంటాయి. నేను పదేళ్ళుగా ఆరెంజ్ జ్యూసే తాగుతున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. కొన్ని క్లబ్బుల్లో లోపల టోపీ తీయాలి, అది గుర్తుంచుకోండి. శాకాహారులైతే అక్కడి చిప్స్ ఏ నూనెలో వేయించారో అడగండి, ఒక్కోచోట ఇప్పటికీ గొడ్డు కొవ్వులోనే వేయిస్తారు.

ఆ పెద్దవాళ్ళతో ఏం మాట్లాడాలి? యుద్ధం గురించి అడగొచ్చా?

"ఎంతమందిని చంపారు" లాంటివి పొరపాటున కూడా వద్దు, నవ్వుతూ అడిగినా వద్దు. "ఎక్కడెక్కడ పనిచేశారు" అని అడిగితే చాలు, మిగతాది వాళ్ళ ఇష్టం. అందరూ ప్రపంచ యుద్ధం కాలంవాళ్ళే అనుకోకండి, అక్కడ నలభై ఏళ్ళవాడు అఫ్గానిస్తాన్ నుంచి వచ్చినవాడై ఉండొచ్చు, అరవై దాటినవాడు 1982లో ఫాక్‌లాండ్స్‌లో ఉండి ఉండొచ్చు. వాళ్ళు తిండి గురించి, వర్షం గురించి, చచ్చు ఆఫీసర్ల గురించి మాట్లాడినంత యుద్ధం గురించి మాట్లాడరు.

సాయం అంటే ఏం సాయం చేస్తారు? ప్రభుత్వం చూసుకోదా?

పెన్షన్ కాగితాలు, వైకల్యం అప్పీళ్ళు, ఒంటరిగా ఉన్నవాళ్ళ ఇంటికెళ్ళి కూర్చోవడం, ఇలాంటివే ఎక్కువ. ప్రభుత్వం చూసుకోవాల్సినవే చాలావరకు, కానీ ఫారాలతో కుస్తీ పట్టడానికి పక్కన ఒక మనిషి కావాలి. ఈ అలవాటు ఇక్కడ పాతది. 1916లో క్లైడ్ నది పక్కన ఎర్స్‌కిన్ అనేచోట కాళ్ళూ చేతులూ పోయిన సైనికుల కోసం ఆస్పత్రి తెరిచారు. కృత్రిమ కాళ్ళు సరిపడా దొరకలేదు. సర్జన్ విలియం మెక్యూయెన్ పక్కనే ఉన్న యారో షిప్‌యార్డ్‌కి వెళ్ళి, ఓడలకి చెక్క పని చేసే వడ్రంగుల్ని అడిగాడు. వాళ్ళు విల్లో చెక్కతో కాళ్ళు చెక్కిపెట్టారు, ఒక్కొక్కరి కొలతకి. ఓడ కట్టినవాళ్ళ చేతులతో చేసిన కాలు మీద నడుచుకుంటూ ఇంటికెళ్ళినవాళ్ళు వేలమంది. ఎర్స్‌కిన్ సంస్థ ఇప్పటికీ మాజీ సైనికుల్ని చూసుకుంటోంది.

## మనకీ వీళ్ళకీ

స్కాట్లాండ్ సైనికులకీ తెలుగువాళ్ళకీ అసలు సంబంధం ఉందా?

అనుకున్నదానికన్నా ఎక్కువే. మద్రాసు రెజిమెంట్ బ్యాడ్జి మీద ఏనుగు చూశారా? అది 1803 సెప్టెంబర్ 23న, ఇప్పటి మహారాష్ట్రలోని అసాయే యుద్ధం గుర్తు. మరాఠాల మీద వెల్లెస్లీ నడిపిన ఆ సైన్యంలో 74వ, 78వ హైలాండర్లతో పాటు మద్రాసు సిపాయిల పటాలాలున్నాయి. అదే ఏనుగు ఆ హైలాండర్ల బ్యాడ్జీల మీదకీ ఎక్కింది. మద్రాసు సిపాయిల్లో తెలుగువాళ్ళు ఎంత పేరుపడ్డారంటే, ఉత్తరాదిన కంపెనీ సిపాయి ఎవరైనా సరే "తెలంగా" అనేవాళ్ళు. మ్యూజియంలో ఒక హైలాండర్ బ్యాడ్జి మీద మన ఏనుగుని చూసినప్పుడు నాకు కలిగింది గర్వమో ఇంకేదో చెప్పలేను, ఆ రోజు రెండు వైపులా చచ్చింది ఎక్కువగా మనవాళ్ళే కదా.

తర్వాత థామస్ మన్రో. గ్లాస్గోలో పుట్టి, మద్రాసు సైన్యంలో క్యాడెట్‌గా చేరి, దత్తమండలాలకి కలెక్టరై, చివరికి మద్రాసు గవర్నరై, 1827 జులై 6న కర్నూలు వైపు పత్తికొండలో కలరాతో పోయాడు. సీమలో పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకునేవారని చెప్తారు. కాలిన్ మెకంజీ ఇంకా దూరంవాడు, స్టోర్నోవేలో పుట్టిన మద్రాసు ఇంజనీర్ల ఆఫీసరు. మన గ్రామాల కైఫీయతులు పోగుచేయించింది ఆయనే, చేసిపెట్టింది ఏలూరు కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య. మీ ఊరి పాత కథ ఏదైనా కాగితం మీద మిగిలిందంటే అందులో ఒక హెబ్రిడీస్ దీవులవాడి జీతం డబ్బులున్నట్టే.

స్టోర్నోవే ట్రిప్ వేస్తున్నాం, చూడదగ్గది ఏముంది?

ఊరి బయట హోమ్ అనేచోట ఐయొలైర్ స్మారకం. యుద్ధం అయిపోయింది, 1919 కొత్త సంవత్సరం, లూయిస్ దీవి కుర్రాళ్ళు నేవీ నుంచి ఇంటికొస్తున్నారు, ఐయొలైర్ అనే ఓడలో సుమారు 280 మంది. జనవరి 1 తెల్లవారకముందే, రేవు దీపాలు కనబడుతుండగా ఓడ రాళ్ళకి కొట్టుకుంది. కనీసం 201 మంది పోయారు. ఒకడు తాడు నడుముకి కట్టుకుని ఒడ్డుకి ఈదితే ఆ తాడు పట్టుకుని సుమారు 40 మంది బయటపడ్డారు. ఇళ్ళలో పొయ్యి మీద నీళ్ళు కాచి, పొడిబట్టలు ఆరేసి ఎదురుచూస్తున్నారట. ఆ దీవిలో దశాబ్దాల పాటు దాని గురించి ఎవరూ నోరెత్తలేదు. గాలి ఎక్కువ, జాకెట్ మర్చిపోకండి.

ఇండియన్ సైనికుల సమాధులు స్కాట్లాండ్‌లో ఉన్నాయా?

ఉన్నాయి. రెండో యుద్ధంలో ఫోర్స్ కె6 అని కంచరగాడిదల దళం ఒకటి ఇండియా నుంచి వచ్చింది, ఎక్కువగా పంజాబీ ముస్లింలు. ఫ్రాన్స్‌లో పనిచేసి, డన్‌కర్క్ మీదుగా బయటపడి, తర్వాత హైలాండ్స్ కొండల్లో ఉన్నారు. వాళ్ళలో కొందరి సమాధులు కింగుస్సీ శ్మశానంలో ఉన్నాయి. ఆ ఊరి ఆవిడ ఒకరు ఎవరూ అడక్కుండానే దశాబ్దాల పాటు వాటిని శుభ్రం చేస్తూ వచ్చారు.

ఎడిన్‌బరో కోట టికెట్ ఖరీదు ఎక్కువ. లోపలి యుద్ధ స్మారకం ఒక్కటే చూడొచ్చా?

స్మారకం వరకే వెళ్తామని గేటు దగ్గర అడగండి, దానికి టికెట్ తీసుకోరు. 1927లో తెరిచారు, కట్టింది రాబర్ట్ లోరిమర్. లోపల ఫోటోలు తీయకండి. పుస్తకాల్లో పేర్లు వెతుక్కునేవాళ్ళకి దారివ్వండి. గోడల మీద మనుషులతో పాటు జంతువుల తలలు చెక్కారు, ఏనుగు, ఒంటె, కంచరగాడిద, పావురం. ఒక మూల ఎలుకలు, కనేరీ పిట్టలు కూడా ఉంటాయి. సొరంగాల్లో విషవాయువు వస్తే ముందు అవి పడిపోయేవి, అది చూసి మనుషులు పరిగెత్తేవారు. నాతో వచ్చిన మా అమ్మ అన్నీ వదిలేసి ఆ ఎలుకల దగ్గరే పది నిమిషాలు నిలబడింది.

వర్షం పడితే పరేడ్ క్యాన్సిల్ చేస్తారా?

చేయరు. పడుతుంది కూడా. పదకొండు కొట్టే వేళకి గొడుగులు మూసేస్తారు, మీరూ మూసేయండి.